హన్నమ్మ గారి తమ్ముడు పందెంలో దిగిన రోజు

1974 ఫిబ్రవరి. విజయవాడ నుంచి బందరు పోయే రోడ్డులో, కాలవ పక్కనున్న ఒక మిషన్ హాస్పిటల్లో నేను ఆపరేషన్ థియేటర్ నర్సుగా పని చేస్తున్నాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మాది చల్లపల్లి దగ్గర పల్లె. మా నాన్న బడిపంతులు, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేవాడు. నేను ఐదేళ్ళు వార్డులో చేశాకే థియేటర్లోకి రానిచ్చారు.

థియేటర్లో నర్సులు ఇద్దరుంటారు. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, సర్జన్ ఎదురుగా నిలబడి పనిముట్లు అందించే ఆమెను స్క్రబ్ నర్స్ అంటారు. గౌను లేకుండా బయట తిరుగుతూ కావలసినవి తెచ్చిపెట్టే ఆమె సర్క్యులేటింగ్ నర్స్. నేను ఎక్కువగా సర్క్యులేటింగ్ చేసేదాన్ని. ఆ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కౌంట్. రక్తం అద్దడానికి వాడే గాజ్ గుడ్డ ముక్కల్ని స్వాబులంటారు. కడుపు ఆపరేషన్లకి వాడే స్వాబుకి ఒక మూల టేపు కుట్టి ఉంటుంది. కోయక ముందు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, మూసే ముందు మళ్ళీ లెక్కపెట్టాలి. ఒక్కటి లోపల ఉండిపోయినా చీము పట్టి మనిషి చనిపోవచ్చు. ఆ రోజుల్లో మా దగ్గర లెక్క పెట్టేది ఒక్కరే. సర్జన్ "కరెక్టేనా?" అని అడుగుతారు, మేము "కరెక్టేనండి" అంటాం. ఆ ఒక్క మాట మీద కడుపు మూసేస్తారు.

మా సర్జన్ డాక్టర్ హన్నా. ఆస్ట్రియా దేశస్థురాలు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ హన్నమ్మ గారే. అప్పటికి ఎనిమిదేళ్ళుగా మా దగ్గర ఉన్నారు. నలభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పాస్టరు గారి భార్య దగ్గర తెలుగు నేర్చుకున్నారేమో, మాటల్లో మన ఆడవాళ్ళ వరసే వినిపించేది. ఆమెకి ఒక్కడే తమ్ముడు, పేరు మార్టిన్. ఆమె కన్నా పదిహేనేళ్ళు చిన్న. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి పనికి వెళ్ళేదట, ఈమే ఎత్తుకుని పెంచిందట. అతను మంచు మీద జారే పందేల్లో పాల్గొనేవాడు. ఆ ఏడాది యూరప్‌లో జరిగే అంతర్జాతీయ మంచు క్రీడల్లో మగవాళ్ళ డౌన్‌హిల్ పందేనికి వాళ్ళ దేశం తరఫున ఎంపికయ్యాడు.

డౌన్‌హిల్ అంటే ఏమిటో మాకెవరికీ తెలియదు. మా ప్రాంతమంతా అరచేతిలా చదునుగా ఉంటుంది. కొండ చూడాలంటే విజయవాడ పోవాలి. మంచు అంటే మాకు ఐసు ఫ్యాక్టరీలో రంపపు పొట్టు కప్పిన దిమ్మలే. ఒక రోజు టీ తాగేటప్పుడు ఆమె మాకు ఫోటో చూపించి చెప్పారు. కాళ్ళకి రెండు పొడుగాటి చెక్కలు కట్టుకుని, మనిషి గాలిలో ఉన్నాడు ఆ ఫోటోలో. నేలకీ అతనికీ మధ్య నిలువెత్తు ఖాళీ. కొండ మీద నుంచి ఒకరి తర్వాత ఒకరు దిగుతారట. మూడు కిలోమీటర్లకి పైగా పొడుగున్న వాలు రెండు నిమిషాల్లో దిగిపోతారట. మద్రాసు మెయిలు కన్నా వేగం. ఎవరు తక్కువ టైములో దిగితే వారు గెలిచినట్టు. బ్రేకులేం ఉంటాయండి అని మా స్క్రబ్ నర్సు సరోజిని అడిగింది. ఏమీ ఉండవు, కాళ్ళే అన్నారు. పొగమంచు కమ్మితే పందెం ఆపేస్తారనీ, దారి కనబడే దాకా పైన చలిలో నిలబడాల్సిందేననీ చెప్పారు. అంతకు రెండేళ్ళ ముందు మార్టిన్ స్నేహితుడొకడు అలాంటి పందెంలోనే పడి చనిపోయాడు. ఆ తర్వాత వాళ్ళమ్మ కొడుకు పందేల రోజున రేడియో పెట్టదు, చర్చికి వెళ్ళి కూర్చుంటుంది. ఇవన్నీ ఆమె నవ్వుతూనే చెప్పారు గానీ, చేతిలో టీ చల్లారిపోయింది.

పందెం రోజు వచ్చింది. వాళ్ళకి అది మధ్యాహ్నం, మనకి సాయంత్రం నాలుగున్నర. ఆ పూట ఆపరేషన్లేవీ పెట్టుకోలేదు. ఆమె బంగళా వరండాలో షార్ట్‌వేవ్ రేడియో పెట్టి, తీగ లాగి కొబ్బరిచెట్టుకి కట్టాం. ఫార్మసీ చూసే మార్తమ్మ గారు కూడా వచ్చి కూర్చున్నారు. ఆవిడదీ ఆ దేశమే, అరవై దాటిన మనిషి, హన్నమ్మ గారి కన్నా ఎంతో ముందు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేనూ సరోజినీ మెట్ల మీద కూర్చున్నాం. రేడియోలో గాలి హోరు, మధ్యలో ఒక మగ గొంతు గబగబా మాట్లాడడం, దాని వెనకాల గణగణమని గంటలు. కాలవ గట్టు మీద గొడ్లేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. జనం ఆవు మెడ గంటలు తెచ్చి ఆడిస్తారని మార్తమ్మ గారు చెప్పారు.

మార్టిన్ నంబరు పంతొమ్మిది. ఒక్కొక్కళ్ళు దిగుతుంటే హన్నమ్మ గారు వేళ్ళు ఎత్తి మాకు నంబరు చూపిస్తున్నారు. ఐదో మనిషి పడ్డాడు, లేచాడు. ఎనిమిదో మనిషి దిగుతుండగా గేటు దగ్గర టాక్సీ హారన్ ఆగకుండా మోగింది.

వెనక సీట్లో నాంచారమ్మ అనే ఆమె. ఇరవై ఐదేళ్ళుంటాయి. మినుము పీకుతూ చేలోనే కూలబడిపోయిందని ఆమె భర్త చెప్పాడు. అతని ఒంటి మీద కూడా చేలో మట్టి. ఆమె పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, కడుపు బిగుసుకుపోయి ఉంది, చెయ్యి పట్టుకుంటే నాడి అందీ అందనట్టుంది. నెల తప్పిందా అని అడిగితే తప్పిందన్నాడు. గర్భసంచిలో ఉండాల్సిన పిండం పక్కన ట్యూబులో పెరిగి, ట్యూబు పగిలింది. దాన్ని రప్చర్డ్ ఎక్టోపిక్ అంటారు. లోపల రక్తం కారుతూనే ఉంటుంది. ఒక్క గంట ఆలస్యమైతే చెయ్యగలిగిందేమీ ఉండదు. విజయవాడ పంపే వ్యవధి లేదు.

హన్నమ్మ గారు వరండా వైపు ఒక్కసారి చూసి థియేటర్లోకి నడిచారు. చేతులు కడుక్కుంటూ నాతో అన్నారు.

"మార్తమ్మ గారు వింటా ఉంటారు. కబురు రాగానే నాకు చెప్పు. మంచిదైనా చెడ్డదైనా సరే, దాచొద్దు."

సరేనండి అన్నాను.

స్వాబులు ముప్పై లెక్కపెట్టి సరోజినికి ఇచ్చాను. మత్తు ఇచ్చే డాక్టరు గారు తల దగ్గర కూర్చుని, ముఖం మీద మాస్కు పెట్టి ఈథర్ చుక్కలు వేయడం మొదలుపెట్టారు. కడుపు తెరవగానే రక్తం పైకి పొంగింది. మా దగ్గర ఆ గ్రూపు రక్తం ఒక్క సీసా కూడా లేదు. అప్పట్లో మేము చేసే పని ఒకటుండేది. కడుపులో పేరుకున్న రక్తాన్నే గిన్నెతో తోడి, ఎనిమిది మడతల గాజ్ గుడ్డలో వడకట్టి, మందు కలిపిన సీసాలో పోసి, తిరిగి ఆమె చేతికే ఎక్కించేవాళ్ళం. దాన్ని ఆటో ట్రాన్స్‌ఫ్యూజన్ అంటారు. వడకట్టే పని నాది. ఒక సీసా నిండింది, ఎక్కించాం. రెండోది పడుతున్నాను.

అప్పుడు తలుపు మీద చప్పుడయింది. తలుపుకున్న గుండ్రటి అద్దంలో మార్తమ్మ గారి ముఖం. సీసా స్టాండుకి తగిలించి వెళ్ళాను. ఆవిడ చాలా నెమ్మదిగా, తెలుగు మాటలు వెతుక్కుంటూ చెప్పారు. మార్టిన్ సగం దారిలో పడిపోయాడు. దారి పక్కన కట్టిన వలలు దాటి చెట్లలోకి వెళ్ళిపోయాడు. కదలడం లేదని రేడియోలో అన్నారు. హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది. ఆ తర్వాత రేడియోలో గరగర తప్ప ఏమీ వినబడడం లేదు.

"ఆమెకి చెబుతావా?" అని అడిగారు.

నేను లోపలికి వచ్చాను. హన్నమ్మ గారి చెయ్యి కడుపులో ఉంది. రక్తం కారే చోటుని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, రెండో చేత్తో క్లాంప్ వేయడానికి చూస్తున్నారు. క్లాంప్ అంటే రక్తనాళాన్ని బిగించి పట్టే పటకారు. బీపీ అందడం లేదని తల దగ్గర నుంచి డాక్టరు గారు అప్పుడే చెప్పారు. ఆమె తల ఎత్తకుండానే నన్ను అడిగారు.

"ఏమైంది?"

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చినట్టు వచ్చింది. "ఇంకా ఆయన నంబరు రాలేదంటండీ. పొగమంచు కమ్మిందని ఆపేశారంట."

"పాపం, చలిలో నిలబెట్టేసుంటారు" అని ఆమె క్లాంప్ వేశారు. క్లాంప్ నిలిచింది. రక్తం ఆగింది.

ఆ తర్వాత అరగంట నేను ఏం చేశానో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. రెండో సీసా ఎక్కించాను. ఏదో అడిగితే ఏదో అందించాను. నా కళ్ళు ఆమె కళ్ళకి ఎదురు పడకుండా చూసుకోవడం మాత్రం బాగా గుర్తుంది. మాస్కుల మధ్య మేము ఒకరినొకరం కళ్ళతోనే చదువుకుంటాం మరి. ట్యూబు తీసేశారు. బీపీ కొద్ది కొద్దిగా పైకి వచ్చింది. "కౌంట్ కరెక్టేనా?" అని అడిగారు. వాడిన స్వాబులు వేలాడదీసిన స్టాండు దగ్గరకి నేను వెళ్ళి, సరోజిని బల్ల మీదవి చూసి, వేలితో చూపిస్తూ లెక్కపెట్టాను.

"ముప్పై. కరెక్టేనండి."

కడుపు మూశారు.

నాంచారమ్మని వార్డుకి తీసుకెళ్ళాక, హన్నమ్మ గారు సింకు దగ్గర గ్లవ్స్ తీస్తుండగా నేను దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. పడ్డాడనీ, కదలలేదనీ, హెలికాప్టర్ అనీ. ఆమె కొళాయి కట్టేశారు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మీరు క్లాంప్ వేస్తున్నప్పుడండి."

ఆమె నన్ను చాలాసేపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. నేనెవరో కొత్త మనిషిని అయినట్టు చూశారు. అప్పుడు చాలా నెమ్మదిగా అడిగారు.

"కౌంట్ మటుకు నిజమేనా?"

నిజమేనండి అన్నాను. ఆమె తల ఊపి బంగళా వైపు వెళ్ళిపోయారు.

నేను అక్కడే నిలబడిపోయాను. మొదట బాధేసింది, ఐదేళ్ళు వార్డులో, రెండేళ్ళు థియేటర్లో చేసినదాన్ని, ఇంత మాట అడిగారే అని. తర్వాత ఆ లెక్కపెట్టిన క్షణాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. స్టాండు గుర్తొచ్చింది, నా వేలు గుర్తొచ్చింది. కానీ ఇరవై నాలుగు, ఇరవై ఐదు అని అనుకున్నట్టు గుర్తు రాలేదు. చెట్లలో పడి ఉన్న మనిషే గుర్తొచ్చాడు.

స్వాబుల్ని అప్పటికే బకెట్లో వేసి వెనక ఉతికే చోటుకి పంపేశారు. ఆ రోజుల్లో వాటిని ఉతికి, మరిగించి మళ్ళీ వాడేవాళ్ళం. ఆయా ఇంకా నీళ్ళు పోయలేదు. నేను గట్టు మీద కూర్చుని, బకెట్లోవి ఒక్కొక్కటే తీసి, ఐదేసి కుప్పలు పెట్టాను. ఇరవై తొమ్మిదే ఉన్నాయి. వడకట్టిన గుడ్డలు విడదీసి చూశాను, వాటిలో చిక్కుకోలేదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిదే.

అక్కడి నుంచి బంగళాకి వంద అడుగులుంటాయి. ఆ వంద అడుగులు నడవడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఒక్క మాట చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు అన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. వచ్చింది. ఆమె వరండాలో టెలిగ్రాం ఫారం ముందు పెట్టుకుని, రాయకుండా కూర్చుని ఉన్నారు. మార్తమ్మ గారు రేడియో మీదికి వంగి మర తిప్పుతున్నారు. ఒకటి తగ్గిందండి అన్నాను. ఆమె ఫారం మడిచి జేబులో పెట్టుకుని నా వెంట వచ్చారు.

ఆమె చెప్పింది ఒక్కటే. ఆ స్థితిలో ఉన్న మనిషిని మళ్ళీ కోస్తే తట్టుకోలేదు, కాబట్టి ముందు వెతకాలి. కానీ గంటలోపు దొరకకపోతే కోయక తప్పదు. ఆ స్వాబులు ఎక్స్‌రేలో కనబడేవి కావు. సరోజినితో కలిపి మేము ముగ్గురం థియేటర్ అంతా వెతికాం. బల్ల కింద, దుప్పట్ల మడతల్లో, రక్తం తోడిన గిన్నెల్లో, తూము దగ్గర. తమ్ముడు బతికున్నాడో లేదో తెలియని మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని నేను పోగొట్టిన గుడ్డముక్క కోసం వెతుకుతున్నారు. మధ్యలో నేను రెండుసార్లు వార్డుకి పరిగెత్తి నాంచారమ్మ నాడి చూసి వచ్చాను. ఆమె భర్త మంచం పక్కన నేల మీద కూర్చుని, నా ముఖం చూసి భయపడి, ఏమైందమ్మా అని అడిగాడు. ఏమీ లేదు, ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను. ఆ రోజు నేను చెప్పిన రెండో అబద్ధం అది.

చివరికి సరోజినికి దొరికింది. మత్తు ఇచ్చే సామాన్లు కడగడానికి తీసుకెళ్ళిన ట్రేలో, మాస్కు మీది గాజ్ పొరల కింద, టేపు కుట్టిన స్వాబు ఒకటుంది. మత్తు డాక్టరు గారిని పిలిచి అడిగారు. ఈథర్ బుగ్గ మీదికి కారుతుంటే, ఒక గుడ్డ ఇమ్మన్నాననీ, ఈ సిస్టరే తెచ్చి చేతిలో పెట్టారనీ చెప్పారు. నేనే ఇచ్చానన్నమాట. మార్తమ్మ గారితో మాట్లాడి లోపలికి వచ్చిన తర్వాత. నాకు ఇప్పటికీ ఆ ఇచ్చిన సంగతి గుర్తు లేదు. ఇరవై తొమ్మిది ఉన్నవాటిని వేలితో చూపిస్తూ ముప్పై అన్నాను. కడుపులో ఉండకపోవడం అదృష్టం తప్ప నా పనితనం కాదు.

హన్నమ్మ గారు ఆ స్వాబుని చేతిలోకి తీసుకుని, స్టూలు మీద కూర్చుని, అప్పుడు ఏడ్చారు. అది నాంచారమ్మ కోసమో, తమ్ముడి కోసమో నేను అడగలేదు. సరోజిని వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

మర్నాడంతా కబురు లేదు. పొద్దున రేడియో వార్తల్లో గెలిచినవాళ్ళ పేర్లు చదివారు, పడినవాళ్ళ మాట లేదు. ఆమె మామూలుగానే ఓపీ చూశారు. నాంచారమ్మకి జ్వరం వస్తుందేమోనని నేను గంటకోసారి థర్మామీటర్ పెడుతూనే ఉన్నాను. స్వాబు దొరికినా నా భయం పోలేదు. ఆమెకి తెలివి వచ్చాక, ఆయా ద్వారా విందో ఏమో, ఆ డాక్టరమ్మ గారి తమ్ముడికి ఎలా ఉందని నన్నే అడిగింది. తెలియదన్నాను.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం తంతి వచ్చింది. ఆమె చదివి, కళ్ళు తుడుచుకుని, మాకు తెలుగులో చెప్పారు. తొడ ఎముకా భుజమూ విరిగాయి. రాత్రే తెలివి వచ్చింది. రాగానే, నా టైమెంత అని అడిగాడట. సగం దారిలో పడినవాడికి టైమేమిటని మార్తమ్మ గారు మొదట నవ్వారు. తర్వాత అందరం నవ్వాం.

మార్టిన్ మళ్ళీ పందేల్లో దిగలేదు. నాంచారమ్మ పన్నెండో రోజున నడిచి ఇంటికి వెళ్ళింది.

ఆమె వెళ్ళిన రోజే నేను హన్నమ్మ గారి దగ్గరికి వెళ్ళి, నన్ను మళ్ళీ వార్డుకి మార్చమని అడిగాను. ఆమె కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నేను నిజం చెప్పి ఉంటే తన చెయ్యి వణికేదో లేదో తనకే తెలియదన్నారు. అందుకని నేను చేసింది తప్పని గానీ, ఒప్పని గానీ తను చెప్పలేనన్నారు.

"ఆ అబద్ధం గురించి నేను నిన్నేమీ అనను" అన్నారు. "నా బరువు నువ్వు మోశావు. కానీ అంత బరువు మోస్తా లెక్క కూడా నువ్వే పెట్టావు చూడు, అక్కడ తప్పు చేశావు. ఆ పని సరోజినికి ఇచ్చెయ్యాల్సింది."

వార్డుకి మార్చలేదు. ఆ వారం నుంచి మా థియేటర్లో కౌంట్ ఇద్దరు చెయ్యాలని రూలు వచ్చింది. స్క్రబ్ నర్సూ, సర్క్యులేటింగ్ నర్సూ కలిసి, అందరికీ వినబడేలా పైకి లెక్కపెట్టాలి. పెద్ద హాస్పిటళ్ళలో అప్పటికే ఆ పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. మాకు మాత్రం అది నాంచారమ్మ వల్ల వచ్చింది.

అంతకు ముందు నేను, మంచి నర్సంటే ఎంత దుఃఖం వచ్చినా చెయ్యి తడబడని మనిషనుకునేదాన్ని. ఆ రోజు నా చెయ్యి తడబడలేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, నాక్కూడా. చెయ్యి తడబడకుండానే మనసు అక్కడ లేకుండా పోగలదు. ఇది మాకు ఏ పుస్తకంలోనూ చెప్పలేదు. తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ స్వాబులు పట్టుకోవడం కన్నా ముందు ఈ సంగతే చెప్పాను.

నాలుగేళ్ళ తర్వాత ఒక ఉదయం, ఆపరేషన్ మధ్యలో ఉండగా, మా నాన్నకి గుండెనొప్పి వచ్చిందనీ, చల్లపల్లి నుంచి తీసుకొస్తున్నారనీ తలుపు దగ్గర చెప్పారు. లోపలికి వచ్చాను. హన్నమ్మ గారు కౌంట్ అడిగారు. నేను నోరు తెరిచి, ఇవాళ నేను లెక్క పెట్టలేనండి, ఇంకొకరిని పిలుస్తాను అన్నాను. ఆమె సూది కింద పెట్టి, సరే, ఆగుతాను అన్నారు. వార్డు నుంచి ఇంకో సిస్టర్ వచ్చి మాస్కు కట్టుకునే దాకా కుట్లు ఆగాయి. అంతసేపూ థియేటర్లో ఎవరూ కారణం అడగలేదు.